అందరూ నవ్విన చోట ఆగి విను

లెస్టర్, ఇంగ్లండ్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. వాట్సాప్‌లో నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కొత్త ఉద్యోగంలో పని అర్థమవుతోంది, మీటింగూ అర్థమవుతోంది, మీటింగ్ మొదలయ్యే ముందు లండన్ వాళ్లు తమలో తాము ఏదో అనుకుని నవ్వుకునే ఆ ఐదు నిమిషాలే టెన్షన్ అన్నావు చూడు, ఇక్కడ నా మొదటి ఏడాదంతా అదేరా.

వచ్చిన రెండో రోజు ఆఫీసులో ఒకాయన ఎదురొచ్చి "ఆల్‌రైట్?" అన్నాడు. నా మొహంలో ఏదో తేడా కనిపించిందేమో అనుకుని, ప్రయాణం బడలిక, నిద్ర చాల్లేదు అని చెప్పడం మొదలుపెట్టాను. ఆయన అప్పటికే నాలుగడుగులు దాటిపోయాడు. మన ఊళ్లో "ఏరా, ఎటు?" అంటే ఎక్కడికి వెళ్తున్నామో లెక్క చెప్పం కదా, ఇదీ అంతే. తిరిగి "ఆల్‌రైట్" అంటే సరిపోతుంది. అలాగే టీ కావాలా అని అడిగితే "ఐయామ్ గుడ్" అంటారు. వద్దని అర్థం. మనం "పర్లేదండీ" అంటూ వద్దంటాం చూడు, అచ్చం అలాగే.

మనకి పెద్ద మాటలకి లోటు లేదురా. తెలుగు మీడియంలో చదివినా ఇంటర్ నుంచి బట్టీపట్టినవి బోలెడున్నాయి. రానివల్లా చిన్న మాటలే. 'పుట్' అంటే పెట్టడం అని ఆరో తరగతిలోనే తెలుసు. కానీ 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం, 'పుట్ అప్ విత్' అంటే ఓర్చుకోవడం, 'పుట్ డౌన్' అంటే ఒక్కోసారి నలుగురిలో చులకన చేయడం. ఇదేం గోల అనిపిస్తుంది. మరి మన 'కొట్టు' సంగతేంటి? చప్పట్లు కొడతాం, ఫోన్ కొడతాం, బోరు కొడుతుంది, వాసన కొడుతుంది, ఎవడో పర్సు కొట్టేస్తాడు. అవి మనకెవరూ పట్టిక వేసి నేర్పలేదు. జనం మాట్లాడుతుంటే వింటూ పెరిగాం, వచ్చేశాయి. ఇంగ్లీషుకి మనకి ఆ వినడమే లేదు. నాకు ఆ లోటు తీర్చినవి కామెడీ ఇంటర్వ్యూలు.

సినిమాలు చూడమని అందరూ చెప్తారు. చూడు, తప్పులేదు. కానీ సినిమాలో డైలాగు రాసిపెట్టింది. ఇంటర్వ్యూలో మనిషి తడబడతాడు, సగంలో వాక్యం మారుస్తాడు, మనం "అంటే", "అదేంటంటే" అన్నట్టు "ఐ మీన్", "సార్ట్ ఆఫ్" అని సాగదీస్తాడు. పెద్ద టాక్ షోల్లో ఏ కథ చెప్పాలో అతిథితో ముందే అనుకుంటారు, నిజమే. అయినా నోట్లోంచి వచ్చేది మాట్లాడే ఇంగ్లీషే.

నేను ముందు పట్టుకున్నది బీబీసీలో 2007 నుంచి వస్తున్న గ్రాహమ్ నార్టన్ షో. ఆయన ఐర్లాండ్ మనిషి. వచ్చినవాళ్లందరినీ ఒకే ఎర్ర సోఫాలో పక్కపక్కన కూర్చోబెడతాడు. హాలీవుడ్ అమెరికన్, లండన్ నటుడు, స్కాట్లాండ్ కమెడియన్ ఒకే వరసలో ఉంటే మూడు రకాల యాసలూ ఒకేసారి చెవిన పడతాయి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది చివర్లో వచ్చే ఎర్ర కుర్చీ. అందులో సెలబ్రిటీ కాదు, మామూలు జనం కూర్చుని తమకి జరిగిన చిన్న సంగతి చెప్పాలి. బోరు కొడితే మీట లాగుతారు, కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. మనలాంటి మనిషే, చేతిలో ఉన్నది నిమిషమో రెండు నిమిషాలో, వినేవాళ్లని పట్టి ఉంచాలి. ఆఫీసులో సోమవారం పొద్దున నువ్వు చెప్పాల్సిన కథ కూడా అంతేగా! ఆ కుర్చీలోనే నాకు "టర్న్స్ అవుట్" దొరికింది. అది మన "తీరా చూస్తే". "తీరా చూస్తే వాడు మా బాస్ తమ్ముడు" అన్నప్పుడు కథ ఎలా మలుపు తిరుగుతుందో, అక్కడ ఈ మాట అదే పని చేస్తుంది. డిక్షనరీలో ఎప్పుడో చదివే ఉంటాను, తలకెక్కలేదు. ఆ మాట అన్న మనిషి కళ్లు పెద్దవి చేయడం చూశాక మళ్లీ మర్చిపోలేదు.

రెండోది నీకు బాగా నచ్చుతుంది, గుంటూరు మిరపకాయ తిని పెరిగినవాడివి. 'హాట్ వన్స్' అని 2015లో యూట్యూబ్‌లో మొదలైంది. షాన్ ఎవాన్స్ అనే అతను అతిథితో పాటు తనూ పది చికెన్ వింగ్స్ తింటూ ప్రశ్నలు అడుగుతాడు. ఒక్కో సాస్ ముందుదానికంటే ఘాటు. మొదటి రెండు మూడింటిదాకా అతిథి చక్కగా, ఒద్దికగా మాట్లాడతాడు. కారం నషాళానికంటాక ఆ ఒద్దికంతా పోయి "హ్యాంగ్ ఆన్", అంటే "ఆగాగు", అలాంటి అసలు మాటలు బయటికొస్తాయి. ప్రశ్నలు మాత్రం చాలా శ్రద్ధగా తయారుచేస్తాడు, ఆ పిల్లాడంటే నాకు గౌరవం.

అమెరికన్ కమెడియన్ కోనన్ ఓబ్రయన్ పాడ్‌కాస్ట్ కూడా ఉంది, 2018 నుంచి వస్తోంది. బస్సులో వింటాను. దాని జోలికి నువ్వు ఇప్పుడే వెళ్లకు, మొహాలు కనపడకపోతే మొదట్లో కష్టం. కమెడియన్ల భాష కూడా కాస్త తెలుసుకో: స్టేజీ మీద నవ్వు రాకపోతే 'బాంబ్' అయినట్టు, అదరగొడితే 'కిల్' చేసినట్టు. రెండోది మనకి కొత్తేం కాదు, "చంపేశాడ్రా" అని మనమూ మెచ్చుకుంటాంగా.

ఇక ఎలా చూడాలంటే, ఐదు నిమిషాల ముక్క ఒక్కటి తీసుకో, అంతకంటే వద్దు. మొదటిసారి కింద సబ్‌టైటిల్ అక్షరాలు లేకుండా చూడు. హాల్లో అందరూ నవ్వి నీకు నవ్వు రాని చోట ఆపి, టైమ్ రాసుకో. రెండోసారి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టి ఆ చోట్లే చూడు. మూడోసారి మళ్లీ అక్షరాలు తీసేయ్. నోట్‌బుక్‌లో ఒంటరి మాట రాయకు, వాక్యం మొత్తం రాసి, పక్కన మన తెలుగులో ఆ సందర్భంలో ఏమంటామో రాయి. మాటకి అర్థం రాయకు, ఏమంటామో అది రాయి. తేడా నీకే తెలుస్తుంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఈ షోల్లో బూతులు ధారాళంగా ఉంటాయి. అర్థం చేసుకో, ఆఫీసులో నోటికి తేకు. "షటప్" అని ఆశ్చర్యంతో అనడం స్నేహితుల మధ్యే. ఇక్కడ 'ప్యాంట్స్' అంటే లోపల వేసుకునేది, పైదాన్ని 'ట్రౌజర్స్' అనాలి. మనం "నేను ఫలానా ఏడు పాసౌట్" అంటాం, వీళ్లకి అది స్పృహ తప్పి పడిపోయినట్టు వినిపిస్తుంది. "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటే ప్రశ్న అనుకోరు, నమ్మకం లేదేమో అనుకుంటారు. 'క్వశ్చన్' అను చాలు.

ఒక్కటి మాత్రం బాధగా అనిపించింది, నీ మెసేజ్‌లో "నాకు ఇంగ్లీషు రాదు" అన్నావు. ఆ మాట ఇంకెప్పుడూ అనకురా. గుంటూరు రూమ్‌లో కరెంటు పోతే రాత్రంతా మమ్మల్ని కథలతో నవ్వించినవాడివి నువ్వు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో నీకు పుట్టుకతో వచ్చింది. అది ఏ భాషలోనైనా పనికొస్తుంది.

రేపు ఎర్ర కుర్చీ ముక్క ఒకటి నీకు పంపుతాను. శనివారం మీకు సాయంత్రం ఏడింటికి ఫోన్ చేస్తాను, ఎక్కడెక్కడ నవ్వు రాలేదో రాసి పెట్టుకుని ఉండు. అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ
రూమ్మేట్