ఆ నాలుగు వందలు చూసి కొనెయ్యకు

ఒరేయ్ రమణా,

నువ్వు పంపిన రెండు లాప్‌టాప్‌ల గీక్‌బెంచ్ స్కోర్లూ చూశాను, అదే, ప్రాసెసర్ వేగాన్ని కొలిచే ఆ పరీక్ష ఇచ్చిన అంకెలు. ఒకదానికి నాలుగు వందలు ఎక్కువొచ్చిందని అప్పుడే మనసు పారేసుకున్నట్టున్నావు. కాస్త ఆగరా.

గీక్‌బెంచ్ 6లో 2500 అంటే ఇంటెల్ కోర్ ఐ7-12700 స్థాయి. మిగతావన్నీ దాంతో పోల్చి లెక్కగట్టినవే. సింగిల్ కోర్ అంకె, అంటే ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ ఒంటరిగా చేసే పనికి వచ్చేది, బాగుంటే మామూలు పనులు చురుగ్గా సాగుతాయి, అంతవరకు నమ్మొచ్చు. కాకపోతే ఆ పరీక్ష మధ్యమధ్యలో ఆగుతూ, మిషన్ బాగా వేడెక్కకముందే అయిపోతుంది. సినీబెంచ్ ఆర్23 అనే ఇంకో పరీక్ష అలా కాదు, పది నిమిషాలు ఊపిరి పీల్చుకోనివ్వదు. బెంగళూరు మారతహళ్లిలో మా రూమ్మేట్ సన్నటి లాప్‌టాప్ మీద అది నడుపుతూ, ప్రాసెసర్ వేగం చూపించే విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి కూర్చున్నాం. మొదట 4 గిగాహెర్ట్జ్ దాటి పరుగెత్తిన ప్రాసెసర్, కీబోర్డు చెయ్యి పెట్టలేనంత కాలేసరికి 2.6 దగ్గర చతికిలబడింది. అదే ప్రాసెసర్ లావుపాటి లాప్‌టాప్‌లో, మంచి ఫ్యాన్లతో ఉంటే అంత పడిపోదు. నువ్వు వీడియోలు ఎడిట్ చేస్తానంటున్నావు కాబట్టి నీక్కావాల్సింది ఆ పదో నిమిషం అంకె.

ర్యామ్ సంగతి కూడా చూడు. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో రెండు స్లాట్లకి ఒకటే వాడుతున్నట్టుంటే సింగిల్ చానెల్‌లో, అంటే డేటాకి ఒక్క దారిలోనే, నడుస్తోందన్నమాట. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మిషన్లకి అది పెద్ద దెబ్బే, ఎందుకంటే గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్ మీదే బతకాలి.

ఇక ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్‌లో పవర్ మోడ్ మార్చినా, ఛార్జర్ పీకేసినా స్కోరు మారిపోవచ్చు. 2018లో ప్రాసెసర్లలో మెల్ట్‌డౌన్ అనే భద్రతా లోపం బయటపడ్డాక వేసిన ప్యాచ్‌లు, అంటే దిద్దుబాటు అప్‌డేట్లు, గుర్తున్నాయా? చిప్ పాతదే, కానీ ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలాంటి కెర్నల్‌లోకి వెళ్లొచ్చిన ప్రతిసారీ అదనపు పని పడింది. డేటాబేస్‌లాంటి వాటికి ఆ బరువు బాగా తెలిసింది, ఉత్త లెక్కలు చేసే ప్రోగ్రాములకి పెద్దగా తెలియలేదు. అందుకే ఒకే మిషన్ మీద ఒక స్కోరు పడిపోయి, ఇంకోటి కదలకపోవచ్చు.

కంపెనీలూ తక్కువ తినలేదులే! 2013లో శాంసంగ్ గెలాక్సీ ఎస్4 ఫోన్, ఇలా స్కోరు కొలిచే కొన్ని బెంచ్‌మార్క్ యాప్‌లు తెరిస్తేనే గ్రాఫిక్స్ చిప్‌ని 533 మెగాహెర్ట్జ్‌కి ఎత్తేదని, మిగతా యాప్‌లకి 480 దాటనిచ్చేది కాదని ఆనంద్‌టెక్ అనే రివ్యూ సైట్ వాళ్లు పట్టేశారు.

షాపువాణ్ణి మొహమాటపడకుండా అడిగి, రెండింటి మీదా సినీబెంచ్ పెట్టించు, ఒకసారి ఛార్జర్ తీసేసి కూడా. ఆ ఫొటోలు నాకు పంపు. ర్యామ్ మాత్రం అక్కడ వేయించకు, ఇక్కడికొస్తే కంప్యూటర్ సామాన్లమ్మే ఎస్‌పీ రోడ్డులో బేరమాడి తీసుకుందాం. ఆదివారం మాత్రం పెట్టుకోకు, చాలా షాపులు మూసేస్తారు.

నీ,
ప్రసాద్