చిన్నోడి క్లారినెట్ సంగతి

ఒంగోలు

ఒరేయ్ రమణా,

నిన్న ఫోన్లో నన్ను ఒక్క మాట కూడా మాట్లాడనివ్వలేదు నువ్వు. అందుకే ఉత్తరం రాస్తున్నా, తీరిగ్గా కూర్చుని చదువు. మనోడికి, అదే నీ కొడుకు చిన్నోడికి, సైన్యంలోని మద్రాస్ రెజిమెంటు బ్యాండులో చోటు దొరికిందని చెబుతూనే, "తుపాకీ పడతాడనుకుంటే అక్కడా పెళ్లిమేళమేనంట్రా" అన్నావు. ఆ మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

ముందు పెళ్లిమేళం సంగతే చెప్తా. కావలి వీధుల్లో మీ నాన్న వాయించిన క్లారినెట్ ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు? మన దేశంలో పెళ్లి బ్యాండ్ల వాయిద్యాలు ఎక్కువగా తయారయ్యేది మీరట్ జలీ కోఠీలో. అక్కడ 1885లో కంపెనీ పెట్టిన నాదిర్ అలీ బ్రిటిష్ సైన్యంలో బ్యాండు నడిపినవాడే. అంటే మీ నాన్న చేతికి ఆ వాయిద్యం సైన్యం నుంచే వచ్చింది. ఇప్పుడు మనవడు దాన్ని పట్టుకుని సైన్యంలోకి వెళ్తున్నాడు. దీంట్లో తక్కువేముంది?

ఇంకా వెనక్కి పోతే ముత్తుస్వామి దీక్షితుల వారే ఉన్నారు. మద్రాసు కోటలో ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాయించే బాణీలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. నొట్టుస్వరాలంటే అవే. "సంతతం పాహిమాం" వరస ఇంగ్లీషు దొరల జాతీయగీతానిదే. ఆయన తమ్ముడు బాలుస్వామి వయొలిన్ నేర్చుకున్నదీ ఆ కోట సంగీతకారుల దగ్గరే. మా కరవది నుంచి షేక్ చినమౌలానా గారు నాదస్వరం పట్టుకుని శ్రీరంగం వెళ్లి స్థిరపడితే తమిళనాడు నెత్తిన పెట్టుకుంది. ఊదే వాయిద్యాన్ని చిన్నచూపు చూడటం మన వైపు వాళ్లకు తగదురా.

ఇక అసలు విషయం. బ్యాండు బాగుపడాలన్నా చెడిపోవాలన్నా అంతా దాన్ని నడిపేవాడి చేతిలోనే ఉంటుంది. పాతకాలంలో బ్రిటిష్ రెజిమెంట్లలో బ్యాండు ఖర్చు ఆఫీసర్లు సొంత జేబుల్లోంచి పెట్టుకునేవాళ్లు. బ్యాండు మాస్టర్లు సిపాయిలు కారు, జీతానికి వచ్చిన బయటివాళ్లు, వాళ్లలో చాలామంది జర్మన్లు, ఇటాలియన్లు. యుద్ధం అనగానే మూటాముల్లె సర్దుకునేవాళ్లు. 1854లో, క్రిమియా యుద్ధం రోజుల్లో, టర్కీలోని స్కూటరీలో విక్టోరియా రాణి పుట్టినరోజుకి పెద్ద కవాతు జరిగింది. బ్యాండ్లన్నీ ఒకేసారి జాతీయగీతం ఎత్తుకున్నాయి. ఒక్కో బ్యాండుది ఒక్కో శ్రుతి, ఒక్కో కూర్పు! మిత్రదేశాల సేనాధిపతుల ముందు ఎంత తలవంపులో ఊహించు. ఆ దెబ్బతోనే బ్రిటిష్ సేనాధిపతి కేంబ్రిడ్జ్ డ్యూక్ పట్టుబట్టి 1857లో లండన్ దగ్గర నెల్లర్ హాల్‌లో సైనిక సంగీత పాఠశాల పెట్టించాడు. అప్పటినుంచి సిపాయిల్లోంచే బ్యాండు మాస్టర్లు తయారవడం మొదలైంది.

మనకూ అలాంటిది ఉంది. 1950లో జనరల్ కరియప్ప చొరవతో మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో మొదలైంది. మనోడు కష్టపడితే ఏదో ఒకరోజు అక్కడికే పోయి బ్యాండు మాస్టరు కోర్సు చెయ్యొచ్చు. కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకురీ కూడా గూర్ఖా సిపాయిగా చేరినవాడే కదా. నేతాజీ ఫౌజుకి "కదమ్ కదమ్ బఢాయే జా" బాణీ కట్టింది ఆయనే.

మొన్న రిపబ్లిక్ డేకి ఇక్కడ పరేడ్ గ్రౌండులో తాడు పట్టుకుని ముందు వరసలోనే నిలబడ్డా. బ్యాండుకు ముందు నడిచేవాడు డ్రమ్ మేజర్. వెండిపిడి ఉన్న దండం, దాన్ని మేస్ అంటారు, ఆయన చేతిలో పైకి లేచి ఒక్క క్షణం ఆగింది. నోటి నుంచి ఒక్క మాట లేదు. పెద్ద డ్రమ్ము మీద వెంటవెంటనే రెండు దెబ్బలు పడ్డాయి, అంతే, అన్ని వాయిద్యాలూ ఒక్కసారి ఆగిపోయాయి. నిలబడి వాయించే కచేరీలో నడిపించేది బ్యాండు మాస్టరు, నడకలో నడిపించేది డ్రమ్ మేజర్. నిమిషానికి 120 అడుగుల నడకలో ఊపిరి చెదరకుండా క్లారినెట్ ఊదాలంటే ఎంత సాధన కావాలో మీ నాన్ననే అడుగు.

ఇంకో మాట, ఇది చెల్లెమ్మకు కూడా చెప్పు. తుపాకీ పట్టనివాడు సిపాయి కాడని అనుకోవద్దు. బ్యాండువాడికి ముందు సిపాయి శిక్షణ ఇచ్చాకే వాయిద్యం. యుద్ధం వస్తే వాయిద్యాలు పెట్టెల్లోకి పోతాయి, బ్యాండువాళ్లు స్ట్రెచర్లు అందుకుంటారు. గుండ్లు పడుతున్న చోటికి పోయి గాయపడినవాణ్ణి మోసుకురావడం తరతరాలుగా వాళ్ల పని. పక్కవాడి ప్రాణం వీడి భుజం మీద ఉంటుందిరా. ఇంతకంటే పెద్ద బాధ్యత ఏముంటుంది?

1758లో పుట్టిన రెజిమెంటది. వాడు నీ కొడుకు, నేను వాణ్ణి ఎత్తుకు పెంచా. నువ్వు మొహం ముడుచుకుని పంపిస్తే వాడు అక్కడ ఏం ఊదుతాడు? ట్రైనింగ్ అయ్యాక కవాతు ఎప్పుడో వాణ్ణి అడిగి నాకు వెంటనే చెప్పు. చెన్నై నుంచి నీలగిరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే పొద్దున మేట్టుపాళయం, అక్కణ్ణుంచి కొండ రైల్లో నేరుగా వాళ్ల రెజిమెంటు కేంద్రం ఉన్న వెల్లింగ్టన్ స్టేషన్లో దిగొచ్చు. మీ నాన్నకు కిందిబెర్తు కావాలి కాబట్టి టికెట్లు నేను ముందే తీస్తా. ఆయన స్వెట్టరు మర్చిపోవద్దు.

నీ
శీను