ఉద్యోగుల సంఘం వార్షిక నివేదిక, 2025: ప్రసూతి, పితృత్వ, శిశు సంరక్షణ సెలవులు

సభ్యులకు నమస్కారం. ఈ ఏడాది సంఘం ఎక్కువ సమయం వెచ్చించింది పిల్లల కోసం పెట్టుకునే సెలవుల మీదే కనుక నివేదికను వాటితోనే మొదలుపెడుతున్నాం.

ఉమ్మడి రాష్ట్రంలో 2010లో 180 రోజులకు పెరిగిన ప్రసూతి సెలవుకు, బతికి ఉన్న పిల్లలు ఇద్దరికంటే తక్కువగా ఉండాలన్న షరతు ఇన్నాళ్లూ కొనసాగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని 2025లో ఎత్తివేసింది. రెండో వివాహంలో పుట్టిన బిడ్డ విషయంలో తమిళనాడు ప్రభుత్వ ఉపాధ్యాయురాలికి ఇద్దరు పిల్లల షరతు చూపి సెలవు నిరాకరించడం చెల్లదని సుప్రీంకోర్టు కూడా అదే ఏడాది మే 23న తీర్పు చెప్పింది. ఉత్తర్వు చేతిలో పెట్టందే ఫైలు కదలదని మనకు తెలుసు కాబట్టి రెండింటి ప్రతులనూ మండల బాధ్యులందరికీ పంపాం.

హక్కు ఉన్నా చిక్కు వచ్చేది ఉద్యోగి సెలవులు, సర్వీసు వివరాలు నమోదు చేసే సర్వీసు రిజిస్టరు దగ్గరే. ఒక సోదరి సంపాదిత సెలవు సరెండరుకు (ఖాతాలో మిగిలిన సెలవును డబ్బుగా మార్చుకోవడానికి) దరఖాస్తు చేసుకున్నాక గాని, కొన్నేళ్ల కిందటి తన ప్రసూతి సెలవును సంపాదిత సెలవుగా రాసి ఖాతాలోంచి 180 రోజులు కొట్టేశారన్న సంగతి బయటపడలేదు. ప్రసూతి సెలవును ఏ సెలవు ఖాతాలోనూ తగ్గించకూడదు. మంజూరు ఉత్తర్వు ఆమె దగ్గర భద్రంగా ఉండబట్టి, మన ప్రతినిధులు రెండుసార్లు ఆ కార్యాలయానికి వెళ్లాక, ఎర్ర సిరాతో పాత నమోదు కొట్టివేసి, అధికారి సంతకంతో సరిచేశారు. సెలవు ముగించుకుని విధుల్లో చేరిన నెలలోనే ఆ పేజీ చూసుకుని, ఫోటో తీసి ఉంచుకోవాలని కోరుతున్నాం.

తండ్రులకు 15 రోజుల సెలవు 2005 నుంచీ ఉంది. కాన్పు జరిగిన ఆరు నెలల్లోగా వాడుకోవాలి. చాలామంది సీఎల్‌లతోనే (సాధారణ సెలవులతోనే) సరిపెట్టుకుంటున్నారు. ఇందులో తప్పంతా కార్యాలయాలది కాదు, ‘బాలింత సెలవు నీకెందుకయ్యా’ అని నవ్వేది మనమే.

శిశు సంరక్షణ సెలవు మన రాష్ట్రంలో 2016లో 60 రోజులతో మొదలై, 2022 మార్చిలో 180కి పెరిగింది. ఒంటరి తండ్రులకూ వర్తించింది. తెలంగాణలో అది 90 రోజులే. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు మాత్రం సర్వీసు మొత్తంలో 730 రోజులు ఉంది, అయితే రెండో 365 రోజులకు వచ్చేది 80 శాతం జీతమే. ఈ అంతరం తగ్గించాలని, దివ్యాంగులైన పిల్లలున్న తల్లులకైనా ముందుగా పెంచాలని వినతిపత్రం ఇచ్చాం. జవాబు రానందున, వచ్చే కార్యవర్గ సమావేశం తర్వాత మళ్లీ లేఖ పంపుతాం.