డండీ మందిరం పైకప్పు, పేర్ల పలక: విరాళాల కోసం విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సంఘస్థులకు, శ్రేయోభిలాషులకు స్కాట్లాండ్‌లో ఈ డండీ ఊళ్లోని మన తెలుగు సంఘం కమిటీ తరఫున వందనాలు.

సెప్టెంబర్ 10 లోపు కాంట్రాక్టరుకు అడ్వాన్స్ కట్టాలి. కట్టకపోతే మనకిచ్చిన తేదీలు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. ఆ తరవాత వానలు, మంచు. ఇక మార్చి దాకా మన కప్పు మీదికి ఎవరూ ఎక్కరు. పైకప్పుకు 31 వేల పౌండ్లు, హీటింగుకు 9 వేలు, యుద్ధంలో పోయినవాళ్ల పేర్ల పలక బాగుచేయడానికి 4 వేల చిల్లర. చేతిలో 22 వేలున్నాయి. మిగతా లెక్కలు కోశాధికారి గారు గ్రూపులో పెట్టారు, అక్కడ చూసుకోండి.

ఆ 4 వేల గురించి మాత్రం నేను రాయాలి. "మళ్లీ మొదలెట్టాడు" అంటారని తెలుసు. పోయిన మీటింగులో మన పెద్దాయన ఒకరు, "బాబూ, నెత్తి మీద నీళ్లు కారుతుంటే గోడ మీద తెల్లవాళ్ల పేర్లతో మనకేం పనయ్యా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అప్పుడు తడబడ్డాను. జవాబు ఇప్పుడు చెప్తున్నా.

మందిరంలోకి రాగానే కుడిచేతి గోడకు ఉన్న ఓక్ చెక్క పలక మీరందరూ చూసిందే. సండే స్కూల్ పిల్లల కోట్లు తగిలించేది దాని పక్కనే. అందులో మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన 47 మంది పేర్లున్నాయి. ఒక చోట ఒకే ఇంటిపేరు రెండు వరసల్లో వస్తుంది. రెండు పేర్ల పక్కనా ఒకటే తేదీ: 25 సెప్టెంబర్ 1915.

ఆ రోజు ఫ్రాన్స్‌లో లూస్ యుద్ధం మొదలైంది. బ్లాక్ వాచ్ అనే స్కాట్లాండ్ సైనిక దళంలోని 4వ బెటాలియన్‌ను ఊరి జనం "డండీస్ ఓన్", అంటే డండీ సొంతవాళ్లు, అని పిలుచుకునేవారు. అంతా ఒకే ఊరి కుర్రాళ్లు, ఒకే వీధివాళ్లు, ఒకే మిల్లువాళ్లు. ఆ పొద్దున 420 మంది సిపాయిలు, 20 మంది అధికారులు దాడికి వెళ్తే, వాళ్లలో 230 మంది సిపాయిలు, 19 మంది అధికారులు చనిపోవడమో గాయపడటమో జరిగింది. బెటాలియన్‌కు పెద్ద అయిన కల్నల్ వాకర్ కూడా తిరిగి రాలేదు. మిగిలినవాళ్లు చాలక, మరుసటి ఏడాది దాన్ని 5వ బెటాలియన్‌లో కలిపేశారు. అధికారుల ఇళ్లకు టెలిగ్రాం వచ్చేది. మామూలు సిపాయి ఇంటికి అచ్చు వేసిన ఫారం పోస్టులో వచ్చేది, అంతే. ఆ రోజుల్లో పోస్టుమ్యాన్ వీధి మలుపు తిరిగితే ఇక్కడి తల్లుల గుండెలు ఎలా కొట్టుకున్నాయో గల్ఫ్‌కు బిడ్డల్ని పంపిన మన తల్లులకు కొంత తెలుస్తుంది.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వస్తాను. ఆ కుర్రాళ్లు ఏ డివిజన్‌లో ఉన్నారో తెలుసా? మీరట్ డివిజన్‌లో. మన భారత సైన్యంలో. ఫ్రాన్స్‌లోనే ఉన్న నవ్ షాపెల్‌లోనూ, లూస్‌లోనూ గూర్ఖాలు, గఢ్వాలీలు, పంజాబీలు వాళ్ల పక్కనే పోరాడారు. నవ్ షాపెల్‌లోని భారత స్మారకం మీద 4,700కు పైగా పేర్లున్నాయి. అందులో తెలుగువాళ్లు ఎంతమందని లెక్క తీయడానికి నేను రాలేదు. ఒకే బురదలో పడుకున్నవాళ్లలో సగం మందిని "మనవాళ్లు కాదు" అని పక్కన పెట్టలేను, అంతే.

ఇంకోటి. నెల్లిమర్ల, చిట్టివలస వైపు నుంచి వచ్చినవాళ్లకు జనపనార మిల్లు అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. ఈ ఊరు బతికింది దాని మీదే. నార బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చేది. మిల్లుల్లో ఎక్కువ మంది ఆడవాళ్లే. మగపిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండితే పెద్ద కూలీ ఇవ్వాల్సొస్తుందని తీసేసేవారు. పనిలేక ఇంట్లో కూర్చున్న మగవాళ్లను "కెటిల్ బాయిలర్లు" అని వెక్కిరించేవారు, టీ నీళ్లు కాచేవాళ్లని. ఆ కుర్రాళ్లకు సైన్యం కూడా ఒక జీతమే. వాళ్లు కందకాల్లోకి వెళ్తే, వాళ్ల అమ్మలు, అక్కలు అదే కందకాలకు ఇసుక బస్తాల గోనె నేశారు. బెంగాల్ రైతు నార, డండీ తల్లి నేత, చివరికి ఆమె కొడుకు తలదాచుకున్న బస్తా.

యుద్ధం ఆడవాళ్లకు నోరు కూడా ఇచ్చింది. ఆ 1915లోనే గ్లాస్గోలో ఇంటి ఓనర్లు అద్దెలు పెంచితే, మేరీ బార్బర్ అనే ఆవిడ వెంట వేల మంది ఇల్లాళ్లు ఆ అద్దె కట్టేది లేదని మొండికేశారు. ఏడాది తిరగకుండానే అద్దెలు పెంచకూడదని చట్టం వచ్చింది. ఇక్కడ అద్దె ఇళ్లలో ఉన్న మన స్టూడెంట్లు ఇది చదివి ఆవేశపడకండి, ముందు కానుక వేయండి.

పలక అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది, ఇప్పుడు సగం చెరిగింది: మిల్లు స్త్రీల చందాతో పెట్టించినది అని. కొడుకులు పోయినవాళ్లు, వారం కూలీలోంచి తీసి ఇచ్చారు. ఇంతకన్నా చెప్పను, మీకే తెలుసు.

రెండో యుద్ధం పేర్లు కింద 12 ఉన్నాయి. 1940 జూన్‌లో ఫ్రాన్స్‌లోని సెయింట్ వాలరీ దగ్గర 51వ హైలాండ్ డివిజన్ లొంగిపోయి దాదాపు 10 వేల మంది బందీలైతే, స్కాట్లాండ్‌లో ఇంటింటా ఐదేళ్లు ఎదురుచూపులే. ఆ నెల నుంచే చర్చి గంటలు కూడా మూగబోయాయి, శత్రువు దిగితే తప్ప కొట్టకూడదని. మన ప్రహరీ గోడ మీద కోసేసిన ఇనుప మొదళ్లు కనిపిస్తాయే, పిల్లల ప్యాంట్లు చిరిగేవి, అవి యుద్ధానికి ఇనుము కావాలని కంచె కోసుకుపోయిన గుర్తులు.

కప్పు నుంచి కారే నీళ్లు సరిగ్గా ఆ పలక మీదుగానే దిగుతున్నాయి. చెక్క ఉబ్బింది, బంగారు అక్షరాలు పెచ్చులూడుతున్నాయి. కాబట్టి పెద్దాయనా, మీ కప్పూ నా పలకా ఒకే పని.

ఒక మాట అంటాను, తప్పుగా అనుకోకండి. పోయిన నెల గ్రూపులో ఈ విషయం పెడితే 112 మంది "ఆమెన్" అన్నారు. డబ్బు వేసింది 19 మంది. ఈ భవనం కొన్నప్పుడు నగలు తాకట్టు పెట్టిన అక్కయ్యలు మన సంఘంలోనే ఉన్నారు, అది గుర్తుచేయాల్సి రావడం నాకే సిగ్గుగా ఉంది. స్టూడెంట్లు 5 పౌండ్లు వేసినా చాలు. హీటింగు గురించి రాయలేదని పాస్టరమ్మ గారు కోప్పడతారు. దానికీ కావాలి, నిజంగా కావాలి.

సెప్టెంబర్ 25న చీకటి పడగానే మన ఊళ్లోని లా కొండ మీది యుద్ధ స్మారకం పైన దీపం వెలిగిస్తారు, లూస్‌లో పోయినవాళ్ల కోసం. ఆ సాయంత్రం 6 గంటలకు మందిరంలో ప్రార్థన, పలకను మళ్లీ గోడకెక్కించడం. భోజనాల బాధ్యత యూత్‌ది. ఖాతా నంబరు గ్రూపులో ఉంది. పంపేటప్పుడు "కప్పు" అనో "పలక" అనో రాయండి. ఏమీ రాయకపోతే కోశాధికారి గారు కప్పులోనే వేస్తానంటున్నారు, చూసుకోండి.

మీ
కమిటీ కార్యదర్శి