పాట మధ్యలో నిమిషం యాడికి పోయింది?

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో ఇంగ్లండు రాక్ బ్యాండు క్వీన్ మీద మీరు వేసిన వ్యాసం చదివాను. నేను తిరుపతిలో ముప్పై ఏళ్లకు పైగా మైక్ సెట్ నడుపుతున్నవాణ్ని. వ్యాసం బాగుంది, ఫోటోలూ బాగున్నాయి. కానీ ‘బొహీమియన్ రాప్సోడీ’ పాటకు పక్కన ఒక డబ్బా కట్టి, ‘అసలు అర్థం ఇదీ’ అని నాలుగు లైన్లలో తేల్చేశారు చూడండి, అక్కడ నాకు పంటి కింద రాయి తగిలింది.

ఆ పాటకూ నాకూ పాత లెక్క ఒకటుంది. 1986లో నాకు పదిహేడేళ్లు. గాంధీ రోడ్డు పక్క సందులో ఒక క్యాసెట్ రికార్డింగ్ షాపులో పని. జనం చీటీ మీద పాటలు రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాళ్లం. అది తప్పా ఒప్పా అని అప్పట్లో ఎవరం ఆలోచించలేదు. మెడిసిన్ చదివే ఒకాయన మద్రాసు బర్మా బజారులో కొన్న క్యాసెట్ తెచ్చి, అందులోంచి నాలుగు పాటలు తన తొంభై నిమిషాల క్యాసెట్‌లోకి ఎక్కించమన్నాడు. ఈ పాట మొదలైంది. పియానో మీద మెల్లగా, కుర్రాడెవరో ఒకణ్ని చంపేశానని వాళ్లమ్మతో చెప్పుకుంటున్నట్టు ఉంది. మూడు నిమిషాలు దాటగానే ఉన్నట్టుండి గుంపుగా గొంతులు! ఒకడు పైస్థాయిలో, ఒకడు కిందిస్థాయిలో, కుడి స్పీకర్లో ఒకడు, ఎడమ స్పీకర్లో ఒకడు. గబుక్కున ఆపేశాను. ఒక పాట మీద ఇంకో పాట ఎక్కిందనుకున్నాను. స్పిరిట్‌లో ముంచిన దూదితో, టేపు రాసుకుంటూ పోయే హెడ్‌ను తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే గోల. ఇక లాభం లేదని, గోల మొదలయ్యే చోట పాజ్ నొక్కి, గిటారు అందుకున్న చోట వదిలాను. పోయింది ఒక నిమిషమే. అతుకు కూడా తెలియలేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మర్నాడు సాయంత్రానికే ఆయన వచ్చాడు.

“ఏం తమ్ముడూ, పాట మధ్యలో నిమిషం యాడికి పోయింది?”

“అక్కడ టేపు చెడిపోయిందన్నా, అందుకే తీసేసినా.”

కోప్పడతాడనుకున్నాను. కౌంటర్ మీద తల ఆనించి నవ్వాడు, కళ్లలో నీళ్లొచ్చేదాకా. “దానికోసమే కదప్పా నీకు దుడ్లిచ్చింది” అన్నాడు. మళ్లీ ఎక్కించి ఇచ్చాను. ఈసారి పూర్తిగా విన్నాను.

ఆ నిమిషం కథ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1975లో ఆ ఒక్క భాగానికే సుమారు మూడు వారాలు పట్టిందట. పాడింది ముగ్గురే. పాట రాసిన ఫ్రెడ్డీ మెర్క్యురీ, గిటారు వాయించే బ్రయన్ మే, డ్రమ్ములు వాయించే రోజర్ టేలర్. రోజుకు పది పన్నెండు గంటలు పాడుతూ, గొంతు మీద గొంతు ఎక్కిస్తూ పోయారు. 24 ట్రాకుల టేపు, అంటే పక్కపక్కనే 24 వరుసల్లో శబ్దం ఎక్కించే టేపు, అన్నిసార్లు హెడ్ల మీద తిరిగి తిరిగి, పూత అరిగిపోయి, ఎత్తి పట్టుకుంటే అవతలి వెలుతురు కనబడిందని వాళ్లే చెప్పారు. దూదికి అంటే ఆ గోధుమరంగు పొడిని రోజూ చూసినవాణ్ని కాబట్టి, ఆ మాట చదివినప్పుడు నా కడుపులో ఏదో అయింది. నేను చెత్త అని కోసి పారేసింది దాన్నే.

ఇక అర్థం సంగతి. ఫ్రెడ్డీ తన సొంత జీవితంలోని రహస్యాన్నే ఆ పాటలో దాచాడని మీరు రాశారు. అలా నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, కాదనను. కానీ రాసినాయన మాత్రం ఏనాడూ విప్పి చెప్పలేదు. వినేవాళ్లు ఎవరికి వాళ్లు అనుకోవాల్సిందే అనేవాడు. 1991లో పోయాడు. ఇంకెవర్ని అడుగుతాం? 2004లో ఇరాన్‌లో వీళ్ల పాటల క్యాసెట్ అమ్మకానికి అనుమతి వచ్చినప్పుడు, లోపల అర్థాలు చెప్పే కాగితం కూడా పెట్టారు. దాని ప్రకారం పొరపాటున ఒకణ్ని చంపి, ఆత్మను సైతానుకు అమ్ముకున్న కుర్రాడు ఉరికి ముందు రాత్రి ‘బిస్మిల్లా’ అని దేవుణ్ని పిలిచే పాట ఇది. టెహ్రాన్ కాగితంలో అది, మన ఆదివారం పేజీలో ఇది. మా ఇంట్లో మూడోది. మా అబ్బాయి, మా మేనల్లుడు అన్నం ముందు కూర్చుని చంపింది ఎవర్ని, తన్ను తానేనా, నిజంగా ఇంకొకణ్నా అని గంటసేపు వాదించుకుంటే, మా ఆవిడ పులుసు వడ్డిస్తూ, “ఇంతకీ ఆ పిల్లోణ్ని పోలీసులు పట్టుకున్నారా లేదా?” అని అడిగింది. ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

మన జిల్లాలో ఊళ్లలో జరిగే భారతాలకు నేను సెట్ పెడతాను. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, పద్దెనిమిది రోజులు. రాత్రి రెండింటప్పుడు రాగం తీసిన పద్యంలో సగం మాటలు నాకే అర్థం కావు. అయినా ఒక్కరు లేవరు. పైగా తెల్లారి టీ అంగడి దగ్గర ద్రౌపది అన్న ఆ మాటకు భావమేమని ఇద్దరు పెద్దోళ్లు పోట్లాడుకుంటుంటారు. మరుసటేడు మళ్లీ అదే పద్యం, అదే పోట్లాట.

2018లో వాళ్ల కథతో సినిమా రావడం వల్లే క్వీన్‌కు మళ్లీ పేరొచ్చిందని కూడా రాశారు. సినిమా వల్ల కొత్త పిల్లలు వచ్చారు, నిజమే. కానీ ఈ పాట 1975లో వచ్చినప్పుడు బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉంది. ఫ్రెడ్డీ పోయాక మళ్లీ ఐదు వారాలు నిలబడింది. అప్పటికి సినిమా ఎక్కడుంది? నా లెక్క వేరు. వాళ్లు జనానికి పని పెట్టారు. 1977 నాటి ‘వి విల్ రాక్ యు’లో డ్రమ్ములే లేవు. చెక్కల మీద కాళ్లతో రెండు దెబ్బలు, చేతులతో ఒక చప్పట్టు, అంతే. జనం కూడా కలవాలనే బ్రయన్ మే దాన్ని అలా కట్టాడు. మా వైపు కబడ్డీ పోటీల్లో ఆ పాట వేస్తే, ఇంగ్లీషు ముక్క రాని వాళ్లు కూడా గ్యాలరీ చెక్కల మీద తన్నడం మొదలుపెడతారు. కమిటీ వాళ్లు పరుగెత్తుకొచ్చి నన్ను తిడతారు.

ఇంకొకటి, మీ వ్యాసంలో లేనిది. బ్రయన్ మే గిటారు అంగడిలో కొన్నది కాదు. చిన్నప్పుడు తండ్రితో కలిసి పాత ఇంటి చలిమంట గూటి పైచెక్క, మోటార్ సైకిల్ స్ప్రింగులు, అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు పెట్టి చేసుకున్నాడు. బ్యాండులో బేస్ గిటారు వాయించే జాన్ డీకన్ చెత్తలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో చిన్న ఆంప్లిఫయర్ కడితే, దాన్ని రికార్డుల్లోనే వాడారు. పాత సామాన్లతో బతికిన నాబోటి వాడికి వాళ్లు సొంతవాళ్లలా ఎందుకుంటారో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

కాబట్టి ఈసారి అలాంటి డబ్బా కట్టేటప్పుడు ‘కొందరు ఇలా అంటారు’ అని ఒక్క మాట చేర్చండి. చాలు.

వచ్చే వారం చంద్రగిరి దగ్గర ఒక రిసెప్షన్‌కు సెట్ పెడుతున్నాను. పెళ్లికొడుకు ఈ పాటే అడిగాడు, ఐదు నిమిషాల యాభై ఐదు సెకన్లూ పూర్తిగా వేయాలన్నాడు. “మధ్యలో గోలొస్తుంది అబ్బోడా, పెద్దోళ్లు లేచిపోతారేమో” అని ముందే చెప్పాను.

“పోనీలే అన్నా, భోజనాలు అప్పుడే పెట్టిస్తాం” అన్నాడు.

— ఒక మైక్ సెట్ యజమాని, తిరుపతి