141 నుంచి 163 నంబర్ కత్తులు తీసుకున్నవాళ్లకి, ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకి

అందరికీ నమస్కారం. చెడ్డ కబురు ముందే చెప్పేస్తాను. మీ కత్తి మీద పిడికి ఆనుకుని గుద్దిన నంబర్ 141 నుంచి 163 లోపు ఉంటే, ఈరోజు నుంచి దాంతో కట్టెలు చీల్చకండి, దేన్నీ పెకలించకండి. తాడు కోసుకోవడం, పుల్లలు చెక్కుకోవడం లాంటి చిన్న పనులకి ఫర్వాలేదు. ఆ 23 కత్తులకీ బదులు కొత్తవి చేసిస్తాను, వద్దనుకున్నవాళ్లకి డబ్బు మొత్తం తిరిగి ఇచ్చేస్తాను. ఏది కావాలో మీ ఇష్టం, కారణం చెప్పనక్కర్లేదు.

ఏం జరిగిందంటే, పోయిన నెల ఒకాయన అడవిలో క్యాంప్ వేసుకుని, పొద్దున్నే మంట కోసం మణికట్టంత లావు ఎండుకొమ్మని చీల్చబోయాడు. కత్తిని కొమ్మ మీద నిలబెట్టి, వెన్ను (పదును లేని పై అంచు) మీద ఇంకో కర్రతో కొడుతుంటే మూడో దెబ్బకి పిడికి అంగుళం ముందు పుటుక్కున విరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం. ఆయన రెండు ముక్కలూ పంపిస్తూ "నేనేమైనా తప్పుగా వాడానా అన్నా?" అని రాశాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఆ పని చేస్తుందని చెప్పి అమ్మిందే నేను కదా.

విరిగిన చోటు చూడగానే విషయం అర్థమైంది. సరిగ్గా కాలిన ఉక్కు విరిగితే లోపల మెత్తటి బూడిద రంగులో, పలుకు కంటికి కనిపించనంత సన్నగా ఉంటుంది. ఇది పంచదార పలుకుల్లా మెరుస్తోంది. అంటే ఎక్కువ వేడి తగిలి, లోపలి రేణువులు పెరిగిపోయాయన్నమాట, అలాంటి ఉక్కు గట్టిగానే ఉంటుంది కానీ గాజులా పెళుసు.

ఆ కత్తులన్నీ 1095 ఉక్కుతో చేసినవి, దాదాపు 0.95 శాతం కార్బన్ ఉండే మామూలు కార్బన్ ఉక్కు. దాన్ని 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, నూనెలో ముంచి, ఆ తర్వాత 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటల చొప్పున రెండుసార్లు టెంపరింగ్ చేస్తాను, అంటే పెళుసుదనం తగ్గేలా మళ్లీ కాస్త వేడిలో ఉంచుతాను. ఎలక్ట్రిక్ బట్టీ మీటర్ ప్రతిసారీ 800 చూపించింది. మరి తప్పెక్కడ?

చిటికెడు ఉప్పు పెట్టి చూశాను. సోడియం క్లోరైడ్ 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చిన్న మట్టి మూకుట్లో వేసి బట్టీలో పెట్టి మెల్లగా వేడి పెంచుతూ పోతే, మీటర్ ఇంకా 705 దగ్గర ఉండగానే ఉప్పు కరిగి నీళ్లలా అయిపోయింది. దాదాపు వంద డిగ్రీల తేడా! నేను 800 అనుకుంటున్నప్పుడు లోపల 900 ఉందన్నమాట. వేసవిలో బట్టీ కాయిల్ కాలిపోతే నేనే మార్చాను, అప్పుడు సెన్సార్ చివర వెనక్కి జరిగి గోడ ఇటుకలోకి దూరిపోయింది. అది గది వేడి కాకుండా గోడ వేడి చెబుతూ ఉండిపోయింది. కాయిల్ అమ్మినవాళ్ల తప్పు లేదు, బట్టీ తప్పూ లేదు, నా చేతి పనే.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో తలుపు తీసినప్పుడు కత్తులు మామూలు కంటే నారింజ రంగు వైపు ఉన్నట్టు అనిపించింది. కంటికి కనిపించినా మీటర్‌ని నమ్మాను. బొగ్గుల కొలిమి వాడిన రోజుల్లో అయస్కాంతం లేకుండా ఒక్క కత్తీ ముంచేవాణ్ణి కాదు, ఎందుకంటే ఇనుము 770 డిగ్రీలు దాటితే అయస్కాంతానికి అంటుకోదు, దాన్నిబట్టి లెక్క తెలిసేది. అంకెలు చూపించే బట్టీ వచ్చాక ఆ అలవాటు పోయింది.

"మరి గట్టిదనం టెస్ట్ చేస్తానంటావు కదా" అని మీరు అడగొచ్చు. చేశాను. విరిగిన ముక్కని మళ్లీ పెట్టి చూస్తే రాక్‌వెల్ సి స్కేల్ మీద 59 వచ్చింది, నేను మీకు చెప్పిన అంకె అదే. కానీ ఆ టెస్ట్ చెప్పేది ఉక్కు ఎంత గట్టిదో మాత్రమే, దెబ్బకి ఎంత తట్టుకుంటుందో కాదు. అందుకే నన్నే కాదు, ఎవరి దగ్గర చేయించుకున్నా సరే, "ఏ ఉక్కు, ఎంత గట్టిదనం" అని రెండు ప్రశ్నలు అడిగి ఆగిపోకండి. ఎంత వేడిలో కాల్చారు, ఆ వేడిని దేంతో సరిచూసుకున్నారు, అదే ఉక్కు పట్టీ నుంచి కోసిన ముక్కని విరిచి చూశారా అని అడగండి. తయారుచేసేవాడు మొహం చిట్లించుకుంటే అక్కడే మీకు జవాబు దొరికినట్టు. నాకు వచ్చే మెసేజ్‌లలో పదింటిలో తొమ్మిది ఉక్కు పేరు గురించే, వేడి గురించి ఇప్పటిదాకా ఇద్దరు ముగ్గురే అడిగారు, అడగకపోయేసరికి నేనూ చెప్పడం మానేశాను.

ఇకనుంచి ప్రతి విడతలో ఒక ముక్క ఎక్కువ కోస్తాను. అదే పట్టీ నుంచి, అదే రోజు, అదే బట్టీలో కాల్చి, అదే నూనెలో ముంచి, వైస్‌లో బిగించి విరగ్గొట్టి, ఆ విరిగిన చోటు ఫోటో మీ కత్తి ఫోటోతో పాటు పంపిస్తాను. దానికి మీరు ఎక్కువ ఇవ్వాల్సింది ఏమీ లేదు.

బదులుగా ఇచ్చేవి 80సీఆర్‌వీ2 అనే ఉక్కుతో చేస్తున్నాను. 1095 చెడ్డది కాదు, దాని మీద నింద వేస్తే అన్యాయం. కాకపోతే 80సీఆర్‌వీ2లో కార్బన్ కాస్త తక్కువ, పైగా కొంచెం వెనేడియం ఉంటుంది కాబట్టి వేడి కాస్త అటూ ఇటూ అయినా రేణువులు అంత తొందరగా పెరగవు, దెబ్బలకి ఎక్కువ ఓర్చుకుంటుంది. పదును నిలవడంలో పెద్ద తేడా మీకు తెలియదు. తుప్పు మాత్రం రెండింటికీ ఒకటే, తడి తుడవకపోతే మర్నాటికి ఎర్రబడుతుంది. ఉప్పునీళ్ల దగ్గర తిరిగేవాళ్లు, తుడవడం మన వల్ల కాదు అనుకునేవాళ్లు దయచేసి నా దగ్గర తీసుకోకండి. మీకు కావాల్సింది స్టెయిన్‌లెస్, కనీసం 10.5 శాతం క్రోమియం ఉన్నది, దాన్ని వెయ్యి డిగ్రీలు దాటించి కాల్చాలి, ఆ పని నా బట్టీలో నేను నమ్మకంగా చేయలేను. చేయగలిగినవాళ్ల పేరు అడిగితే చెబుతాను.

ఎలాగూ అన్నీ మళ్లీ మొదలుపెడుతున్నాను కాబట్టి, ఎదురుచూస్తున్నవాళ్లు ఒకసారి తమ ఆర్డర్‌ని తిరిగి చూసుకోమని కోరుతున్నాను. ఎందుకంటే ఇన్నాళ్లూ అడిగినదానికల్లా సరే అన్నాను, ఫోటోలో బాగుంటుందని అడిగారని తెలిసి కూడా.

వెన్ను మీద రంపపు పళ్లు ఇక చేయను. ఆ పళ్లతో కొమ్మ కోయబోతే రెండు అంగుళాలు దిగి ఇరుక్కుంటుంది, కర్రతో వెన్ను మీద కొడితే కర్రని కొరికి తినేస్తాయి, పైగా ప్రతి పంటి మూలా పగులు మొదలవడానికి ఒక చోటు. రంపం కావాలంటే మడత రంపం ఒకటి కొనుక్కోండి, తేలిగ్గా ఉంటుంది. బోలు పిడి కూడా చేయను. లోపల గాలం, దారం, అగ్గిపుల్లలు దాచుకోవచ్చని అడుగుతారు, సరదాగానే ఉంటుంది, కానీ అలుగు (పిడి బయట ఉండే ఉక్కు భాగం) అంతా పిడి మొదట్లో ఒక చిన్న అతుకు మీద నిలబడి ఉంటుంది. అగ్గిపుల్లలు జేబులో పెట్టుకోండి. నేను చేసేవాటిలో ఉక్కు పిడి చివరిదాకా వెళ్తుంది, రెండు పక్కలా పిడి చెక్కలు వస్తాయి. ఉక్కు సన్నబడి తోకలా పిడిలోకి దిగే కత్తుల్లో, అది దిగే చోట మూల కోణంగా ఉండకూడదు, గుండ్రంగా తిప్పాలి, ఎందుకంటే బలమంతా వచ్చి అక్కడే పడుతుంది. ఎవరైనా సన్న తోక ఉన్న కత్తి చూపిస్తే ముందు ఆ మూల ఎలా తిప్పారో అడగండి.

మందం గురించి నాకూ కస్టమర్లకీ ఎప్పుడూ వాదనే. ఆరు మిల్లీమీటర్లు అడుగుతారు, "గట్టిగా ఉంటుంది కదా" అని. ఉంటుంది. వంగకుండా నిలిచే బలం మందం ఘనంతో పెరుగుతుంది, నాలుగు నుంచి ఐదు మిల్లీమీటర్లకి వెళ్తేనే దాదాపు రెట్టింపు అవుతుంది, బరువు మాత్రం నాలుగోవంతే పెరుగుతుంది. ఇక్కడిదాకా లాభమే. ఆరుకి వెళ్లాక అది కోయదు, చీలుస్తుంది, క్యారెట్ కోయబోయినా రెండుగా పగులుతుంది. అడవిలో రోజంతా చేసే పనిలో ఎక్కువ భాగం చెక్కడం, కోయడమే, దుంగలు చీల్చేది రోజుకి ఒకటి రెండుసార్లు. అందుకని వెన్ను దగ్గర నాలుగు, నాలుగున్నర మిల్లీమీటర్లు, అక్కడి నుంచి అంచుదాకా చదునుగా దిగేలా అరగదీసి, అంచు వెనక అర మిల్లీమీటర్‌కి అటూ ఇటూ మిగిలిస్తే నా లెక్కలో సరిపోతుంది. అలుగు పొడవు నాలుగున్నర, ఐదు అంగుళాలు. పది అంగుళాలది కావాలనుకుంటే మీరు అడుగుతున్నది కొడవలో గొడ్డలో అయి ఉంటుంది, ఆ సంగతి ముందు తేల్చుకుందాం.

వెన్ను అంచు మాత్రం సరిగ్గా లంబకోణంలో, పదునైన మూలతో ఇస్తాను. ఫెర్రో రాడ్ (మంట కోసం గీకి రవ్వలు రప్పించే లోహపు కడ్డీ) గీకడానికి అదే కావాలి. రవ్వలు వచ్చేది ఆ రాడ్ నుంచి, కత్తి నుంచి కాదు, గట్టి మూల ఉంటే చాలు, కాబట్టి పదునంచుతో గీకి పాడుచేసుకోకండి.

పిడి గురించి అందరూ రంగు అడుగుతారు. నేను మీ చెయ్యి అడుగుతాను. వేళ్లకి గాడులు తీసిన పిడి కొన్నిరోజులు నేనే వాడి చూశాను, ఒక్క పట్టులో హాయిగా ఉంది, కత్తి తిప్పి పట్టుకోగానే ఆ గట్లు అరచేతిలోకి గుచ్చుకున్నాయి, గంట చెక్కేసరికి బొబ్బ. అవి ఇకనుంచి లేవు. మధ్యలో కొంచెం ఉబ్బు, చివర చెయ్యి జారకుండా చిన్న కొక్కెం, అంతే. మైకార్టా అంటే గుడ్డ పొరల్ని రెజిన్‌తో అదిమి చేసిన పలక, మెరుగు పెట్టకుండా వదిలేస్తే తడిసినప్పుడు కూడా పట్టు ఇస్తుంది, నా మొదటి ఎంపిక అదే. కర్ర అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే, తడికి ఉబ్బుతుంది ఎండకి కుంచించుకుపోతుంది, కొన్నాళ్లకి ఉక్కుకీ చెక్కకీ మధ్య సందు వేలికి తగులుతుంది. అది తెలిసి తీసుకుంటే అభ్యంతరం లేదు.

తోలు ఒరలో కత్తిని నెలల తరబడి దాచకండి, తోలు తేమ పీల్చి ఉక్కుకి పట్టిస్తుంది. ఇంటికి వచ్చాక తీసి, నూనె రాసి, విడిగా పెట్టండి.

టైమ్ విషయానికి వస్తే, ముందు ఆ 23, తర్వాతే మిగతావి. వారానికి నాలుగు కత్తుల కంటే చేయలేను, తొందరపడితే ఏమవుతుందో పైన చదివారు. కాబట్టి ఎదురుచూస్తున్న ప్రతి ఒక్కరికీ చెప్పిన తేదీ కంటే ఆరు వారాలు ఆలస్యం అవుతుంది. ఆగలేనివాళ్లు అడ్వాన్స్ వెనక్కి తీసుకోండి, నేనేమీ అనుకోను.

నంబర్ ఉన్నవాళ్లు నంబర్ రాసి పంపండి, పాత కత్తి వెనక్కి పంపే ఖర్చు నాదే. కొత్త ఆర్డర్ వాళ్లు కత్తితో ఎక్కువగా ఏం పని చేస్తారో నాలుగు మాటల్లో రాయండి, కాగితం మీద చెయ్యి పెట్టి చుట్టూ గీసి, స్కేల్ పక్కన పెట్టి ఫోటో తీయండి, చలిలో గ్లవ్స్ వేసుకుంటారో లేదో చెప్పండి. ఎడమచేతి వాటమైతే మాత్రం ముందే చెప్పండి. ఒర కుట్టేశాక చెబితే మొత్తం విప్పి మళ్లీ కుట్టాలి, ఇప్పటికి రెండుసార్లు కుట్టాను.