మస్టాంగ్ అంటే ఏ మస్టాంగ్?

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ యుద్ధ విమానం పీ-51 మస్టాంగ్ గురించి వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే అది పుట్టుకతోనే సాటిలేని విమానమని, ఏ మార్పు చేసినా ఇట్టే ఇముడ్చుకుందని రచయిత తేల్చేయడం చరిత్రకు పొసగదు. వ్యాసంతో వేసిన ఫొటో కింద 1943 డిసెంబరు అని ఉంది. కానీ అందులో కనిపిస్తున్నది బుడగ లాంటి పారదర్శక కప్పున్న 'డి' రకం. అది యూరప్ రంగంలోకి దిగింది 1944 వేసవిలో.

బ్రిటన్ కోరిక మీద నార్త్ అమెరికన్ కంపెనీ రూపొందించిన ఈ విమానం 1940 అక్టోబరు 26న తొలిసారి ఎగిరింది. దాని అల్లిసన్ ఇంజిన్ తక్కువ ఎత్తులో చక్కగా పనిచేసినా, పైకి వెళ్లేకొద్దీ పల్చటి గాలిలో శక్తి కోల్పోయేది. 1942 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్‌లో దీన్ని నడిపి చూసిన రోల్స్ రాయిస్ పైలట్ రోనాల్డ్ హార్కర్, రెండంచెల సూపర్‌చార్జర్ (పల్చటి గాలిని నొక్కి ఇంజిన్‌కు అందించే పరికరం) ఉన్న మెర్లిన్ ఇంజిన్ బిగిస్తే ఆ లోపం తీరుతుందని సూచించారు. 'బి' రకం అలా వచ్చింది.

అసలు కథ ఇక్కడే ఉంది. బాంబర్లకు రక్షణగా బెర్లిన్ దాకా వెళ్లి రావాలంటే రెక్కల్లోని ఇంధనం చాలదు కనుక, పైలట్ వెనక 85 గ్యాలన్ల ట్యాంకు అమర్చారు. దూరం సమస్య తీరింది గానీ, అది నిండుగా ఉన్నంతసేపూ గురుత్వ కేంద్రం వెనక్కి జరిగి విమానం మాట వినేది కాదు, గట్టి మలుపు తిప్పితే ప్రమాదమే. అందుకే పైలట్లు బయల్దేరగానే ముందుగా ఆ ట్యాంకునే చాలావరకు ఖాళీ చేసుకునేవారు. 'డి' రకంలో నలుదిక్కులా కనిపించడానికి కాక్‌పిట్ వెనక భాగాన్ని కిందికి కోసేసరికి దిశా స్థిరత్వం (ముక్కు పక్కలకు తిరగకుండా నిలిచే గుణం) తగ్గింది. దాన్ని సరిదిద్దడానికి తోక ముందు చిన్న రెక్క లాంటి భాగాన్ని అతికించాల్సి వచ్చింది. ఇది ఇట్టే ఇముడ్చుకోవడం ఎలా అవుతుంది?

అస్సాంలోని దింజాన్ నుంచి బర్మా మీదికి ఎగిరిన ఏ-36 అనే మస్టాంగ్ రకాన్ని వ్యాసం పూర్తిగా విస్మరించడం మరీ చిత్రం. రెక్కలకు డైవ్ బ్రేకులు (నిట్టనిలువుగా కిందికి దూకేటప్పుడు వేగాన్ని అదుపు చేసే పలకలు) బిగించి బాంబులు వేయడానికి మలిచిన ఈ రకం 500 మాత్రమే తయారైంది. మన గడ్డ మీంచి యుద్ధం చేసిన మస్టాంగ్‌కు తెలుగు వ్యాసంలో ఒక్క వాక్యమైనా దక్కాల్సింది. రెండు మస్టాంగ్‌లను జోడించినట్టుండే పీ-82, 1947లో హోనొలులు నుంచి న్యూయార్క్‌కు ఆగకుండా ఎగిరిన సంగతి సరేసరి.

పరీక్షించని మార్పుల ఫలితం 2011 సెప్టెంబరులో అమెరికాలోని రెనో విమాన పందేల్లో బయటపడింది. వేగం కోసం విపరీతంగా మార్చిన 'గాలపింగ్ ఘోస్ట్' అనే మస్టాంగ్ కూలి పైలట్‌తో సహా 11 మంది చనిపోయారు. అరిగిన పాత నట్లు పట్టు సడలి, తోకలోని ట్రిమ్ ట్యాబ్ (విమానాన్ని సమంగా ఉంచడానికి సర్దే చిన్న పలక) ఊడిపోవడాన్ని దర్యాప్తు సంస్థ గుర్తించింది. నమోదు చేయని, పరీక్షించని మార్పులనూ తప్పుపట్టింది.

వచ్చే సంచికలో ఫొటో వ్యాఖ్యను సరిదిద్దాలని, ఇకపై ఇలాంటి వ్యాసాల్లో విమానం పేరుతో పాటు రకాన్ని తెలిపే అక్షరాన్ని కూడా విధిగా ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం